సంతకం ఆమెది, బ్రోకరేజీ ఎవరిది?

2024 జూన్ 4. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటా జనం టీవీల ముందు కూర్చున్న రోజు. లోక్‌సభ ఫలితాలూ అసెంబ్లీ ఫలితాలూ ఒకేసారి వస్తున్నాయి. కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేసే ఒకావిడ, వేసవి సెలవులే కనుక, పొద్దుటినుంచీ ఆ ఫలితాలే చూస్తూ ఉన్నారు. సరిగ్గా అదే సమయంలో ఆవిడ పేరు మీదున్న ట్రేడింగ్ ఖాతాలోంచి 2 లక్షల 85 వేల రూపాయలు పోయాయి. ఆ సంగతి ఆవిడకు తెలిసింది దసరాకి. బ్యాంకులో ఉన్న గొలుసూ గాజులూ వేలానికి వెళ్తాయంటూ ఆవిడ పేరున నోటీసు వచ్చింది గనక తెలిసింది. అప్పటికి ఖాతాలో పెట్టిన 9 లక్షల్లో మిగిలింది 11 వేలు. ఆ 9 లక్షల్లో బంగారం మీద తెచ్చినది కొంత, పొదుపు సంఘంలో ఆవిడ తీసుకున్న అప్పు కొంత, పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్థలం అమ్మగా వచ్చినది కొంత. భర్త జీతంలోంచి వచ్చినది చాలా తక్కువ.

ఆవిడ మా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చినప్పుడు మేం చేసిన మొదటి పొరపాటు గురించి ముందు చెప్పాలి. మా రిజిస్టర్లో సమస్య ఏ రకానిదో రాయడానికి గడులు ఉంటాయి. తాగుడు, పేకాట, వరకట్నం, అనుమానం, రెండో పెళ్ళి వగైరా. దీనికి గడి లేదు. అందుకని నా సహచరి 'పేకాట' అన్న గడిలో టిక్కు పెట్టింది. నేనూ సరేనన్నాను. అలా టిక్కు పెట్టగానే ఈ వ్యవహారం భార్యాభర్తల మధ్య గొడవగా, ఒక మగవాడి వ్యసనంగా మారిపోయింది. భర్తని పిలవాలి, మందలించాలి, కాగితం మీద రాయించుకోవాలి. వీళ్ళిద్దరే కాక ఈ కథలో ఉన్న మూడో మనిషి మా ఫైల్లోకి రానేలేదు. ఆ మూడో మనిషి బ్రోకరు.

భర్త ప్రభుత్వ ఉద్యోగి. షేర్లలో జూదం లాంటి బేరాలు చేయకూడదని సర్వీసు నిబంధనలు ఉన్నాయి గనక ఖాతా భార్య పేరున తెరిచాడు. 'నీ పేరున అయితే కలిసొస్తుంది' అన్నాడట. ఊళ్ళో ఒక పెద్ద బ్రోకింగ్ కంపెనీకి ఏజెంటుగా ఉన్న కుర్రాడు, జనం ఇప్పటికీ సబ్ బ్రోకరు అనే పిలుస్తారు, ఇంటికే వచ్చాడు. 'అక్కా, ఫోను ఇలా పట్టుకుని ఒకసారి కళ్ళు ఆర్పండి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టి చూపించండి, అంతే' అన్నాడు. ఆవిడ అంతే చేశారు. తర్వాత మేం ఆ దరఖాస్తు ప్రతి తెప్పించి చూస్తే వృత్తి దగ్గర 'వ్యాపారం' అని ఉంది. ఆవిడ నెలజీతం 14 వేలు. వార్షికాదాయం దగ్గర 5 నుంచి 10 లక్షలు అని ఉంది. ఫోను నంబరూ ఈమెయిలూ భర్తవి.

ఆప్షన్స్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ నష్టం స్వభావం అర్థం కాదు. ఆప్షన్ కొనేవాడు బీమా కట్టేవాడి లాంటివాడు. మార్కెట్ ఒక హద్దు దాటి పడితే నాకు తేడా చెల్లించు అని ముందుగానే కొంత ప్రీమియం కడతాడు. ఆప్షన్ అమ్మేవాడు బీమా కంపెనీ లాంటివాడు. ఏమీ జరగకపోతే ప్రీమియం మిగుల్తుంది. జరిగితే ఇల్లు తాకట్టు పెట్టయినా సరే చెల్లించాలి. పైనొక హద్దు, కింద ఒక హద్దు పెట్టుకుని రెండువైపులా అమ్మడాన్ని 'స్ట్రాంగిల్' అంటారు. ఈ వారం మార్కెట్ ఈ రెండు గోడల మధ్యే ఉంటుందని పందెం. చాలా వారాలు ఉంటుంది కూడా. అందుకే ఏజెంటు కుర్రాడు దీన్ని 'వీక్లీ ఇన్‌కమ్' అని పిలిచేవాడు, ఇంటద్దె వచ్చినట్టు వస్తుందనేవాడు. నెలల తరబడి వచ్చింది. బీమా కంపెనీకి లక్షలమంది ప్రీమియం వెనక ఉంటుంది. ఈ ఇంటికి వెనక ఉన్నది ఆవిడ గాజులు.

జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రానికి ఆవిడ ఖాతాలో 22,500 దగ్గర 12 లాట్ల పుట్ ఆప్షన్లు అమ్మి ఉన్నాయి, ఒక్కొక్కటీ 150 రూపాయల చొప్పున. అప్పట్లో లాటుకి 25 యూనిట్లు కాబట్టి మొత్తం 300. మర్నాడు నిఫ్టీ 1,379 పాయింట్లు పడి 21,884.50 దగ్గర ముగిసింది. మధ్యాహ్నం వేళ అంతకంటే చాలా కిందికి వెళ్ళి వచ్చింది. ఆ పతనంలో 150 రూపాయల ఆప్షన్ 1,100 అయినప్పుడు కంపెనీ కంప్యూటరే దాన్ని స్క్వేర్ ఆఫ్ చేసేసింది. ఒక్కొక్క దాని మీద 950 నష్టం, 300 యూనిట్లు. పైవైపు అమ్మిన దాని మీద వచ్చిన లాభం లెక్కలోకి రానంత చిన్నది. తన డబ్బుకి ముప్పు వచ్చే క్షణాన్ని ఆ కంప్యూటరు ఎంత చురుగ్గా పసిగట్టిందో గమనించండి. ఖాతాదారు సంపాదన ఎంత, ఈ బేరం ఆవిడ తాహతుకి తగునా అని అది ఒక్కసారీ అడగలేదు. మిగిలిన డబ్బుని పోగొట్టుకున్నదాన్ని రాబట్టే ఆరాటంలో ఆప్షన్లు కొంటూ భర్త నాలుగు నెలల్లో ఊడ్చేశాడు. అమ్మిన ప్రతిసారీ, కొన్న ప్రతిసారీ, చివరికి బలవంతంగా మూసేసినప్పుడు కూడా, బ్రోకరేజీ మాత్రం ఠంచనుగా జమైంది.

ఇది ఒక ఇంటి దురదృష్టం కాదు. స్టాక్ మార్కెట్లని నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. నష్టం మొత్తం 1 లక్షా 80 వేల కోట్లకు పైమాటే. 2024-25 ఒక్క ఏడాదిలోనే మరో 1 లక్షా 5 వేల కోట్లకు పైగా పోయిందని 2025 జూలైలో అదే సంస్థ తేల్చింది. ఈ డబ్బు గాలిలో కలిసిపోలేదు. 2023-24లో వ్యక్తులు ఖర్చులు కాక 61 వేల కోట్లు పోగొట్టుకుంటే, సొంత డబ్బుతో వ్యాపారం చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు 28 వేల కోట్లు గడించాయి. వాటి లాభాల్లో దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన బేరాలదే. మూడేళ్ళలో వ్యక్తులు ఖర్చుల కిందే సుమారు 50 వేల కోట్లు కట్టారు. అందులో సగం బ్రోకర్లకి, ఐదోవంతు ఎక్స్ఛేంజీలకి పోయింది. ప్రభుత్వం కూడా ఖాళీ చేతులతో లేదు. 2024 బడ్జెట్లో ఆప్షన్ల అమ్మకం మీద పన్ను పెంచింది, ఆ అక్టోబరు నుంచి అమలు చేసింది. జనాన్ని నిరుత్సాహపరచడానికట.

ఆ అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. 2023-24లో ఈ బేరాలు ఆడినవారిలో నూటికి 75 మందికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపు అని ప్రకటించినవారు. ఎవరికి ప్రకటించారు? బ్రోకర్లకే. అంటే బ్రోకరుకి తెలుసు. ఎవరి ఆదాయం ఎంతో తెలుసు. ఎంత పోగొట్టుకున్నారో పైసలతో సహా తెలుసు. పోగొట్టుకున్నాక మళ్ళీ అప్పు తెచ్చి పోస్తున్నారని తెలుసు. ఏ ఫోన్లోంచి ఆర్డరు వస్తోందో తెలుసు. మా టీచరు విషయంలో ఆర్డర్లు పెట్టేది ఆవిడ కాదని కూడా ఏజెంటుకి తెలుసు, ఎందుకంటే రోజూ అతను మాట్లాడేది భర్తతోనే. అందరికంటే ఎక్కువ తెలిసినవాడికి అందరికంటే తక్కువ బాధ్యత ఉండటం ఏ రకం న్యాయం?

దీనికి వాళ్ళ సమాధానం సిద్ధంగా ఉంది. 2023 జూలై నుంచి బ్రోకర్లు తమ ఖాతాదారులకు, లోపలికి వెళ్ళే ముందు, పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారన్న హెచ్చరిక చూపాలని సెబీ ఆదేశించింది. చూపిస్తున్నారు. చదివానని వేలితో నొక్కితేనే తెర తెరుచుకుంటుంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేశాం గనక ఇక ఊపిరితిత్తులు మీవి అన్నట్టుగా ఉంది ఇది. హెచ్చరిక వినియోగదారుణ్ణి కాపాడటానికి పుట్టింది, పనిచేసేది మాత్రం అమ్మేవాణ్ణి కాపాడటానికి. మా కేసులో కంపెనీ ఇచ్చిన మొదటి జవాబు కూడా ఇదే. ఫలానా తేదీల్లో ఖాతాదారు హెచ్చరికను చదివి అంగీకరించారు అని ఒక పట్టిక పంపారు. అందులో పని దినాలు కూడా ఉన్నాయి. ఆ వేళల్లో ఆవిడ ఏడో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతున్నారు.

ఈ వాదన మనకి కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు కూడా, తాగడం మగవాడి సొంత ఇష్టం, దుకాణందారు బలవంతంగా పోశాడా అని అడిగినవాళ్ళున్నారు. ప్యాకెట్లు ఊరి నడిమధ్యకి తెచ్చిందెవరు, వేలం పాటలో ఆదాయం లెక్కపెట్టుకున్నదెవరు అని స్త్రీలు తిరిగి అడిగారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది ఆ ప్రశ్న వల్లే. 2010లో సూక్ష్మరుణ సంస్థల వేధింపుల మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ సంస్థలు చెప్పిందీ ఇదే. అప్పు కావాలని సంతకం పెట్టింది ఆమే కదా అన్నారు. ఒకే మనిషికి ఐదారు సంస్థలు అప్పులిచ్చి, ఆమె తీర్చగలదా లేదా చూడవలసిన బాధ్యత తమది కాదన్నారు. ఇన్నేళ్ళ తర్వాత అదే సంతకం, ఈసారి ఫోను తెర మీద.

కుటుంబం అనేదాన్ని మార్కెట్ ఎప్పుడు ఒకటిగా చూస్తుందో, ఎప్పుడు విడదీస్తుందో గమనిస్తే చాలా విషయాలు బోధపడతాయి. ఖాతాదారుల ఫోన్లకి నేరుగా సమాచారం వెళ్ళాలని సెబీ 2011లో పెట్టిన నియమంలోనే ఒక మినహాయింపు ఉంది. ఖాతాదారు లిఖితపూర్వకంగా కోరితే ఒకే కుటుంబంలోని వారికి ఒకే ఫోను నంబరు పెట్టవచ్చు. కుటుంబం అంటే తాను, జీవిత భాగస్వామి, తనపై ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు. రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. మన ఇళ్ళలో ఆ ఒకే నంబరు ఎవరిది అవుతుందో సమాజశాస్త్రం చదవనక్కరలేదు చెప్పడానికి. ఓటీపీ, నష్టం కబురు, మార్జిన్ కట్టమన్న హెచ్చరిక, కాంట్రాక్ట్ నోట్, అన్నీ ఆయన జేబులోకే. మా టీచరు అలా కోరుతూ రాసిచ్చిన కాగితం ఏదని అడిగితే ఇంతవరకు చూపలేదు.

ఇప్పుడు దీని పక్కన సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 10న ఇచ్చిన తీర్పు పెట్టి చూడండి. 1999లో బొంబాయిలో భార్యాభర్తలు ఒకే బ్రోకరు దగ్గర విడివిడిగా ఖాతాలు తెరిచారు. 2001లో మార్కెట్ పడిపోయి భార్య ఖాతాలో భారీ బాకీ తేలింది. ఇద్దరూ కలిసి బాధ్యత వహిస్తామని నోటిమాటగా ఒప్పుకున్నారని బ్రోకరు వాదించాడు. మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఇద్దరినీ బాధ్యుల్ని చేసింది, బొంబాయి హైకోర్టు భర్తని తప్పించింది, సుప్రీంకోర్టు మళ్ళీ భర్తనీ బాధ్యుణ్ణి చేసింది. 1 కోటి 18 లక్షలకు పైగా, దానిపై 9 శాతం వడ్డీ. తీర్పుతో నాకు పేచీ లేదు. ఇంకా చెప్పాలంటే భార్య పేరు చాటున ఆడే భర్తలు తప్పించుకోలేరన్న మేరకు మనకి పనికొచ్చేదే. నా ప్రశ్న వేరు. బ్రోకరుకి రావలసిన బాకీ ఉన్నప్పుడు రాతపూర్వక ఒప్పందం లేకపోయినా భార్యాభర్తలు ఒకటని వాదించవచ్చు, ఖాతా కాగితం మీద ఒకరిది అయినా నడిపేది ఇద్దరూ అని బ్రోకరే చెప్పవచ్చు. అదే స్త్రీ వచ్చి నా ఖాతాలో ఎవరు ఆడారని అడిగితే? అప్పుడు నోటిమాట పనికిరాదు, కుటుంబం లేదు, ఉన్నదల్లా ఆమె సంతకమూ ఆమె పాన్ నంబరూ.

చట్టంలో ఆధారమే లేదనుకోవడం కూడా పొరపాటు. కేవలం బ్రోకరేజీ రాబట్టుకోవడం కోసం అమ్మకాలు కొనుగోళ్ళు ప్రోత్సహించకూడదని సెబీ 1992లోనే బ్రోకర్లకి నియమావళి పెట్టింది. ఏజెంటు చేసిన ప్రతి పనికీ, చేయకుండా వదిలేసిన పనికీ కంపెనీదే బాధ్యత అని 2009 నవంబరు సర్క్యులర్ చెప్పింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడదలచినవారి ఆర్థిక స్థితికి కాగితం రుజువు తీసుకోవాలని 2011లోనే నియమం వచ్చింది. ఆచరణలో అది ఎలా తయారైందంటే, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటు అప్‌లోడ్ చేస్తే చాలు, ఆ స్టేట్‌మెంటుకీ ఆ మనిషి ఆడే ఆటకీ పొంతన ఉందా అని ఎవరూ చూడరు. ఆర్డరు ఖాతాదారే ఇచ్చినట్టు ఫోను రికార్డింగో, రాతో, కంప్యూటర్ నమోదో ఉంచుకోవాలని, తగాదా వస్తే వాటిని చూపవలసింది బ్రోకరే అని 2018 మార్చిలో సెబీ ఆదేశించింది. మన కార్యకర్తలు గుర్తుంచుకోవలసింది ముఖ్యంగా ఈ ఆఖరుదాన్ని. రుజువు భారం ఆమె మీద లేదు.

వేరే దేశాల్లో అంతా బాగుందని కాదు గాని, ప్రశ్న అడిగే తీరు వేరుగా ఉంది. అమెరికాలో ఖాతాదారుకి ఆప్షన్స్ అనుమతి ఇచ్చేముందు వారి అనుభవం, ఆర్థిక స్థితి చూసి బ్రోకరు ఆమోదించాలి. ఆ ఆమోదాన్ని సరైన పర్యవేక్షణ లేకుండా కంప్యూటర్ ప్రోగ్రాములకి వదిలేసి అర్హత లేనివారికీ అనుమతులిచ్చిందని, మరికొన్ని తప్పులతో కలిపి, 2021 జూన్‌లో రాబిన్‌హుడ్ అనే కంపెనీకి అక్కడి బ్రోకర్ల నియంత్రణ సంస్థ 5 కోట్ల 70 లక్షల డాలర్ల జరిమానా వేసింది. నష్టపోయినవారికి మరో కోటీ పాతిక లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది. 2022లో యూబీఎస్ సంస్థ ఒక ఆప్షన్స్ వ్యూహాన్ని దాని ప్రమాదం సరిగా అర్థంకాని సలహాదారుల చేత అమ్మించిందన్న అభియోగంపై సుమారు రెండున్నర కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అక్కడ అడిగింది 'ఆయన ఎందుకు ఆడాడు' అని కాదు, 'మీరు ఎలా ఆడనిచ్చారు, మీరేం అమ్మారు' అని.

ఇక్కడ మన మిత్రుల్లోనే ఒక అభ్యంతరం వినిపిస్తోంది. ఈ వాదన స్త్రీలని మళ్ళీ అమాయకులుగా, రక్షణ కావలసినవారుగా చూపించదా అని. ఇది తేలిగ్గా కొట్టేయవలసిన అభ్యంతరం కాదు. పొదుపు సంఘాల అప్పుకి భర్త సంతకం అడిగే మేనేజర్లని చూసినవాళ్ళం మనం. రేపు బ్రోకర్లు 'గృహిణులకి ఖాతా ఇవ్వం' అనో, 'మీ ఆయనని తీసుకురండి' అనో అంటే అది మన గొంతు మీద మనమే కాలు వేసుకున్నట్టు. స్త్రీలకి ఈ లెక్కలు రావన్నది అబద్ధం. సెబీ లెక్కల్లోనే 2023-24లో ఆడవారి సగటు నష్టం సుమారు 76 వేలయితే మగవారిది 89 వేలు. అయితే ఆ స్త్రీల ఖాతాల్లో నిజంగా స్త్రీలు నడిపినవెన్నో ఆ అంకె చెప్పదు. అది లెక్కపెట్టింది పాన్ కార్డు మీద ఉన్న లింగాన్ని. ఏమైనా నేనడిగేది స్త్రీలకి ప్రత్యేక రక్షణ కాదు. ఖాతా ఎవరిదో వారితో నేరుగా, వారి భాషలో మాట్లాడాలి. వారి ఫోనుకే కబురు వెళ్ళాలి. ప్రకటించిన ఆదాయంలో ఇంత భాగం పోయిందంటే ఆట ఆగాలి, ఆపవలసింది బ్రోకరు. ఆపకపోతే ఆపై నష్టంలో అతనికీ వాటా ఉండాలి. ఇది మగవారికీ వర్తించనివ్వండి. 2024 నవంబరు నుంచి సెబీ కాంట్రాక్టు కనీస విలువని 15 లక్షలకు పెంచింది, వారం వారం ముగిసే బేరాల్ని ఎక్స్ఛేంజీకి ఒక సూచీకే పరిమితం చేసింది. మంచిదే. కాని అవి ఆట రుసుము పెంచడమే, ఆడించేవాడి బాధ్యత పెంచడం కాదు. ఆన్‌లైన్ రమ్మీని ఇళ్ళు కూలుతున్నాయంటూ తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. ఆప్షన్స్ దగ్గరికి వచ్చేసరికి అదే ఇల్లు 'ఇన్వెస్టరు' అయిపోతుంది.

భర్త సంగతేమిటని అడుగుతారు. ఆయన్ని వదిలేయమనడం లేదు. స్త్రీధనం ఆమె సొంతమని, భర్త చేతిలో ఉన్నా అది ఆమె తరఫున ఉన్నదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మా టీచరు ఆ దావా వేరే వేస్తున్నారు. కాని ఆయన్ని ఒక్కణ్ణే నిలదీసి ఊరుకున్న ప్రతిసారీ ఏజెంటు కుర్రాడు పక్క వీధిలో ఇంకో అక్కని ఫోను పట్టుకుని కళ్ళు ఆర్పమంటున్నాడు. ఆ కుర్రాడికీ నెలకి ఇన్ని ఖాతాలని టార్గెట్ ఉంటుందట, పాపం. ఆ మాట కూడా ఫిర్యాదులో రాశాం.

మా రిజిస్టర్లో ఇప్పుడు కొత్త గడి ఉంది. ఎవరైనా ఇలాంటి కష్టంతో వస్తే మేం ముందుగా మూడు అడుగుతున్నాం. ఖాతా తెరిచిన దరఖాస్తు ప్రతి, అందులో ఉన్న ఫోను నంబరు ఎవరిది, కాంట్రాక్ట్ నోట్లు ఎవరికి వెళ్ళాయి. ఇవి చేతికి రాగానే సెబీ వారి స్కోర్స్ పోర్టల్లో ఫిర్యాదు పెడుతున్నాం. అక్కడ తేలకపోతే 2023లో మొదలైన ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదికకి తీసుకెళ్ళవచ్చు, దీనికి లాయరు తప్పనిసరి కాదు. టీచరుగారి ఫిర్యాదు ఇప్పుడు అక్కడే ఉంది. ఏజెంటుకీ ఖాతాదారుకీ మధ్య జరిగిన ఫోను సంభాషణల రికార్డింగులు ఇవ్వమని అడిగాం. ఖాతాదారుతో మాట్లాడినవి దొరకలేదని కంపెనీ రాసింది. దొరికినవన్నీ మగ గొంతేనట. వాటినే పంపమన్నాం.